నాగమ్మవ్వ కథకు ఊ కొట్టినదెవరు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాల కథ మొదలైందని ఎవరూ దుప్పటి కప్పుకొని కూర్చోవద్దు. నాది ఫోటో స్టూడియో. ఒకే ఫిల్ము మీద పొరపాటున రెండుసార్లు నొక్కితే పెళ్లికూతురి పక్కన తెల్లటి మనిషి ఒకడు తయారవుతాడు. అట్లాంటి ఫోటో పట్టుకొని "ఇది మా తాతే" అని ఏడ్చినవాళ్లతో, "మీ తాత కాదమ్మా, నా చేతగానితనం" అని చెప్పి పంపినవాణ్ణి. శ్మశానం పక్కనే గది అద్దెకు తీసుకొని గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి. కాబట్టి ఇది నమ్మమని మిమ్మల్ని అడగను. నాకే నమ్మబుద్ధి కాదు. కాకపోతే ఆ టేపు ఇంకా నా బీరువాలో ఉంది. అదే నా తలనొప్పి.

ఎనభైల నడుమ సంగతి. మా స్టూడియో కదిరిలో. అప్పుడప్పుడే పల్లెలకు వీడియో పిచ్చి పాకుతోంది. నేనూ, మా ఆవిడ తమ్ముడు శీనా కలిసి బెంగుళూరు నుంచి పాత వీడియో కెమెరా ఒకటి తెచ్చాం. భుజాన పెట్టుకుంటే మెడ పట్టేసేంత బరువు. తెచ్చిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలు, మా మాటలో చెనిక్కాయ చేలు, ఎండిపోయాయి, పెళ్లిళ్లన్నీ వచ్చే ఏటికి వాయిదా పడ్డాయి. కెమెరా పెట్టెలోనే ఉండిపోయింది.

అప్పుడు శీనాకు బుర్రలో పురుగు తొలిచింది. "బావా, మన పక్క పల్లెల్లో కథలకేం కొదవ? ముసలోళ్ల చేత చెప్పించి టేపు చేద్దాం. యాక్టర్లు అక్కర్లే, సెట్టింగులు అక్కర్లే, లైట్లు అక్కర్లే. టిక్కెట్టు పెట్టి టేపులాడించే వీడియో పార్లర్లోళ్లు ఎగబడి తీసుకుంటారు" అన్నాడు. ఖర్చు లేదన్న ఒక్క మాటకు పడిపోయాను.

ఖర్చు లేకపోవచ్చు, ఆ తిరుగుడికి ప్రాణం పోయింది. పామిడిలో ఒక షావుకారు, తన తాత కళ్లారా చూసిన సంగతని చెప్పి, మేం పోయిన నెలలో చూసిన సినిమా మొత్తం చెప్పాడు, ఇంటర్వెల్ ముందు కొట్లాటతో సహా. ఇంకో ఊళ్లో మమ్మల్ని కరువు లెక్కలు రాసే ఆఫీసర్లనుకొని ఎండిన బావులన్నీ తిప్పి చూపించారు. "మేం కథల కోసం వచ్చినామప్పా" అంటే, "ముందు మా పేర్లు రాసుకో, కథ తర్వాత చెప్తాం" అన్నారు. రాసుకున్నాం. ఏం చేస్తాం?

దీనికి తోడు ఇంకో పీడ. పగటిపూట కథ చెప్పరట. చెబితే మేనమామలు దోవ తప్పుతారట! నా కెమెరాకేమో ఎండ లేకపోతే కళ్లు కనపడవు. రాత్రి తీద్దామంటే లైట్లు లేవు, ఉన్నా కరెంటు లేదు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది మేనమామలకు నేను పూచీ పడాలి?

అన్నిటికంటే విసుగు తెప్పించినవాడు నారప్ప. తనకల్లు ఊరి చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఒకటే పాట. "ఇప్పుడా వచ్చేది? నారప్ప ఉండేటప్పుడు రావాల్సింది. కథంటే ఆయప్పే చెప్పల్ల." నారప్ప పోయిన ఎండాకాలం చచ్చిపోయాడు. బతికున్నవాళ్లు నోరు విప్పరు, చచ్చిపోయినాయన్ని మాత్రం పొగిడి చంపుతారు. ఒకరోజు ఒళ్లు మండి, అసలు ఆ నారప్ప ఊరికే పోదాం పదరా అన్నాను. ఆయన దగ్గర విన్నవాళ్లు ఎవరో ఒకరు ఉండకపోతారా అని.

ఆ ఊళ్లో వాళ్లు ఆయన భార్య నాగమ్మను చూపించారు. ఎండుపుల్లలాంటి మనిషి. ఇంటి ముందు కానగ చెట్టు కింద కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కనే ఒక నులక మంచం వాల్చి ఉంది. దాని మీద ఎవరూ లేరు.

"నేను చెప్పేదాన్ని కాదు నాయనా. ఆయప్ప చెప్పేవాడు, నేను ఊ కొట్టేదాన్ని" అంది.

మా పక్క కథ ఎవరు చెప్పినా వినేవాళ్లలో ఒకరు ఊ కొట్టాలి. మాటకొక ఊ. ఊ రాకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు. నారప్ప తన పెళ్లాం ఊ కొడితే తప్ప కథ మొదలుపెట్టేవాడు కాదట. ఆమె పగలంతా కూలికి పోయి వచ్చి కూర్చునేది, నడుమలో కునుకు పట్టేది. ఆయన ఆగి, తిట్టి, అదే మాట మళ్లీ గట్టిగా చెప్పేవాడట. కాపురమంతా ఇదే గొడవ.

పోయిన ఎండాకాలం ఆ చెట్టు కింద, ఆ మంచం మీద కూర్చొని వాన కథ ఎత్తుకున్నాడట. అలిగి పుట్టింటికి పోయిన వానను ఒక గొర్రెలాయన వెతుక్కుంటూ పోయే కథ. గొర్రెలాయన వానమ్మ పుట్టింటి తలుపు దాకా వచ్చాడు. అక్కడ నారప్పకు దగ్గు అందుకుంది. తెల్లారేసరికి మనిషి లేడు.

"సగంలో పెట్టి పోయినాడు. ఎన్నోసార్లు విన్న కథే, మిగిలిన సగం నా కాడ ఉండిపొయ్యింది. అది చెప్పి ముగించిందాకా నాకు కూడు దిగదు, ఆయప్పకు దోవ దొరకదు. వినమంటే ఎవురుండారు? సగం ఊరు బెంగుళూరికి కూలికి పాయ" అంది. చెబుతూ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

పగటిపూట చెబుతావా అవ్వా అని భయపడుతూ అడిగాను. "నాకు మేనమామలు యాడ మిగిలినారు, దోవ తప్పేదానికి?" అంది. ఆమెకు దండం పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే కెమెరా పెట్టాం. మంచం అడ్డంగా ఉంది, తీసేద్దామన్నాను. తీయనివ్వలేదు. "ఆయప్ప పోయినప్పటినుంచి దాన్ని ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను" అంది. మా ఇళ్లలో తెల్లారితే మంచం ఎత్తి గోడకు చేరేస్తాం. ఇదేం పట్టుదలో! సరే, ఉండనీ అనుకున్నాను.

మొదలుపెట్టగానే చుట్టూ చేరిన ఆడవాళ్లందరూ ఒక్కసారి "ఊ" అన్నారు. నా కెమెరాకు మైకు దాని తలలోనే ఉంటుంది, దగ్గర్లో ఎవరు తుమ్మినా ఉరుములా పడుతుంది. టేపు వెనక్కి తిప్పాను. మళ్లీ "ఊ". మళ్లీ తిప్పాను. ఇక నా వల్ల కాలేదు. "ఎవరైనా ఊ అన్నారంటే కెమెరా ఎత్తుకొని పోతా" అని అరిచి, అందరినీ వీధి చివరికి తరిమాను. అక్కడ మిగిలింది నేను, కెమెరాకు గొడుగు పట్టుకున్న శీనా, నాగమ్మవ్వ.

"ఊ లేకుంటే కథ యాడ నడుస్తాది సామీ?" అంది.

"నడుస్తుందవ్వా, నువ్వు నడిపించు. నా దగ్గర ఉండేది ఈ టేపు ఒక్కటే" అన్నాను.

ఆమె రెండుసార్లు నోరు తెరిచి మూసింది. ఊపిరాడనట్టు చూసింది. తర్వాత నా వైపు వీపు తిప్పినంత పని చేసి, మంచానికి ఎదురుగా తిరిగి కూర్చుంది. కెమెరాలోకి సగం మొహమే పడుతోంది. "అవ్వా, ఈ పక్కకు" అన్నా వినలేదు. అప్పటికే మొదలుపెట్టేసింది.

మొదలుపెట్టాక ఇక ఆగలేదు. మాట చెప్పడం, చిన్నగా ఊపిరి తీసుకోవడం, మళ్లీ మాట. గొర్రెలాయన ఎండిన ఏర్లు దాటాడు, దప్పికతో నాలుక పిడచగట్టిన గొర్రెలను కొండ కింద వదిలాడు, వానమ్మ పుట్టింటి తలుపు ముందుకు వచ్చాడు. సరిగ్గా అక్కడ ఆమె ఆగింది. మంచం వైపు కోపంగా చూసింది. "తలుపు కాడ నిలబడినాడు" అన్న మాటే మళ్లీ గట్టిగా చెప్పింది. నాలుక చప్పరించి ముందుకు పోయింది. చెప్పిందే చెప్పి టేపు తినేస్తోందే అని పళ్లు నూరుకున్నాను.

తలుపు తీయమంటే వానమ్మ తీయదు. "నేను వస్తే మీవోళ్లు బురద అంటారు, రాకుంటే కరువంటారు, ఎట్ల బతికేది మీతో?" అంటుంది. గొర్రెలాయన బతిమాలడు. ఆ తలుపు దగ్గరే కూర్చొని తన కష్టం చెప్పుకుంటాడు. లోపలినుంచి ఆమె వింటుంది, వింటూ వింటూ గడియ తీస్తుంది. కథ కంచికి పోయింది. అవ్వ చెంగుతో మొహం తుడుచుకొని లేచింది. టేపు తిరుగుతున్నంతసేపూ నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని మొదటినుంచి చివరిదాకా వింటూనే ఉన్నాను. ఆమె గొంతు తప్ప ఏమీ వినపడలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

కదిరికి వచ్చి టేపు వేసి చూస్తే ఒళ్లంతా మంట పుట్టింది. మాటమాటకీ "ఊ". మగగొంతు. తాపీగా, కొంచెం గరగరగా.

"ఒరేయ్ శీనా, అంత అరిచి చెప్పినా ఊ కొడతావా! నీకు బుద్ధుందా?" అని విరుచుకుపడ్డాను. వాడు తెల్లమొహం వేశాడు. "నేనెందుకు కొడతా బావా? నోటి నిండా వక్కాకు పెట్టుకోనుంటి. నువ్వే కద ఉమ్మేసి రా పో అని తిట్టింటివి" అన్నాడు. నిజమే, తిట్టాను.

అయినా వదల్లేదు. వాణ్ణి కెమెరా పక్కన నిలబెట్టి, గొడుగు చేతికిచ్చి, ఊ కొట్టించి రికార్డు చేశాను. గది అదిరిపోయేలా పడింది. టేపులోది అట్లా లేదు. అవ్వ గొంతు ఎంత దూరం నుంచి వస్తోందో అదీ అంత దూరం నుంచే వస్తోంది. పాత టేపు మీద మిగిలిపోయిన శబ్దమేమో అనుకుందామంటే, ఆమె ఊపిరి తీసుకునే సందుల్లోకి అంత సరిగ్గా వచ్చి ఎట్లా కూర్చుంటుంది? పైగా తలుపు దగ్గర ఊ లేదు. ఖాళీ. ఆమె అదే మాట గట్టిగా చెప్పాక, అప్పుడే నిద్రలోంచి లేచినట్టు ఒక "ఊఁ" వచ్చింది. అది విన్నాక శీనా ఆ రాత్రి మా ఇంట్లో పడుకోనని వెళ్లిపోయాడు.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఇంత తిరిగి, ఇంత మొత్తుకొని తీస్తే ఇదా ఫలితం? పార్లర్ ఆయనకు చూపించాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి, "కథ బాగానే ఉండాది గానీ, ఆ ముసలాయన ఎవురప్పా నడుమ నడుమ ఊ ఊ అంటాడు? అది తీసేసి తే" అన్నాడు. ఎట్లా తీయను? అది తీస్తే అవ్వ గొంతూ పోతుంది. మా సినిమా వ్యాపారం అంతటితో సరి.

కానీ టేపు చూపిస్తామని అవ్వకు మాటిచ్చాం. టీవీ, టేపు ఆడించే డెక్కు బస్సు పైకెక్కించి, తాళ్లతో కట్టి తీసుకుపోయాం. మధ్యాహ్నం కరెంటు ఉంటుందన్నారని పంచాయతీ గదిలో పెట్టాం. ఊరంతా వచ్చింది. అవ్వను ముందు కూర్చోబెట్టాం. తెరమీద తన మొహం చూసుకొని సిగ్గుపడింది.

మొదటి "ఊ" వినపడగానే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో ఆడమనిషి "నారప్ప మామ" అంది. నేను అవ్వనే చూస్తున్నాను. ఆమె మాత్రం ఉలిక్కిపడలేదు. తల ఆడిస్తూ వింటోంది.

తలుపు దగ్గరికి వచ్చింది కథ. ఊ రాలేదు. తెరమీది అవ్వ అదే మాట గట్టిగా చెప్పింది. ఆ నిద్రగొంతు "ఊఁ" వచ్చింది. అంతే, నాగమ్మవ్వ మోకాలు చరిచింది.

"చూస్తిరా? నిద్రపోయినాడు! బతికినన్నాళ్లూ నన్ను తిట్టినాడు నిద్రమొగందానా అని. ఇప్పుడు ఎవురప్పా నిద్రపోయింది?"

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వి నవ్వి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి. నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు.

అందరూ వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, ఆ పొద్దు నీకు వినపడిందా?"

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "వినపడకుంటే కథ ఎట్ల చెప్తాను? నువ్వే కద ఎవురూ ఊ కొట్టద్దంటివి. ఆయప్ప ఎవురి మాట విన్నాడు గనక!"

మేం టీవీ సర్దుకొని ఆమె ఇంటి ముందు నుంచి పోతుంటే శీనాను పిలిచింది. "ఆ మంచం ఎత్తి గోడకెయ్యప్పా. కథ అయిపాయ కదా." వాడు ఎత్తి గోడకు చేరేశాడు. ఆమె ఆ జాగాలో చీపురుతో చిమ్ముకుంది.

వాన మాత్రం ఆ ఏడు పడలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఊరంతా కలిసి ముసలామె కోసం నాటకమాడిందా? ఊరు టేపులోకి ఎట్లా దూరుతుంది? శీనా నాటకమా? వాడు ఈనాటికీ ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు. నా ఇయర్‌ఫోన్‌లో వినపడనిది టేపులో ఎట్లా పడింది? తెలిసినవాళ్లను అడిగాను, తలా ఒకటి చెప్పారు, ఒక్కటీ నాకు అతకలేదు.

పోయినసారి బీరువా సర్దుతూ ఆ టేపు మళ్లీ వేశాను. బూజు పట్టి బొమ్మ సరిగ్గా రావడం లేదు, గొంతులు మాత్రం బాగానే ఉన్నాయి. గొర్రెలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఊ రాలేదు. అది రాదని నాకు తెలుసు. అయినా ఆ ఖాళీలో నా నోట్లోంచి "ఊ" వచ్చేసింది.

వెంటనే ఆపేశాను. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ టేపు మాత్రం మళ్లీ వేయలేదు.