ముసుగువాడి మీద మాస్టరుగారి సందేహాలు

టైలరు మాస్టరుగారికి ఒకటే జబ్బు. టీవీ ముందు కూర్చుంటే ఆయనకు ఏదీ అర్థం కాదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు ఒక్కసారి అడిగి ఊరుకున్నాడేమో గానీ, మాస్టరుగారు ప్రతి శనివారం అడుగుతారు.

శనివారం సాయంత్రం వచ్చే సీరియల్లో హీరో పగలు లిఫ్టులు బాగుచేస్తాడు, చీకటి పడితే ముసుగేసుకుని ఎగురుతాడు. ఒక నర్సు ఆ ముసుగువాడంటే పడిచస్తుంది, లిఫ్టు మెకానిక్కును మాత్రం పురుగును చూసినట్టు చూస్తుంది. ఇద్దరూ ఒకడేనని ఆమెకు తెలియదు. ఇంతే కథ. చంటిపిల్లలకు కూడా ఇది అర్థమవుతుందని మాస్టరుగారి కోడలి నమ్మకం.

కోడలికి ఈ సీరియల్ కాలక్షేపం కాదు, బాధ్యత. ఎపిసోడ్ అవగానే దాని మీద అభిప్రాయం రాసి నెట్‌లో పెడుతుంది. నర్సు పాత్రను సరిగా రాయలేదనీ, ప్రేమకు పునాది లేకుండానే గోడలు లేపుతున్నారనీ ఆమె రాస్తే, ముక్కూ మొహం తెలియనివాళ్లు కింద చేరి ఔనంటారు, కాదంటారు, తిట్టుకుంటారు. అలాంటి మనిషికి ఇలాంటి మామగారు దొరికారు.

"కిటికీలోంచి వచ్చిందెవరమ్మా?"

"ముసుగువాడు మామయ్యా."

"మరి మెకానిక్కేడి?"

"అతనే ఇతను."

"అదెలా? వాడు ఇందాక చొక్కాలో ఉన్నాడుగా."

"మార్చుకున్నాడు."

"అంత బిగుతు బట్టలు అంత తొందరగా ఎలా తొడుక్కుంటాడు? జిప్పెక్కడుంది?"

జిప్పు సంగతి తేలేలోపు నర్సు కళ్లలో నీళ్లు తిరగడం, ముసుగువాడు ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోవడం అన్నీ అయిపోయేవి. కోడలు తల పట్టుకునేది.

ఒకసారి కొడుకు ఓపిగ్గా రెండు టీ గ్లాసులు తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ఒకదాని మీద రుమాలు కప్పి, తీసి, మళ్లీ కప్పి, ఇదే మెకానిక్కు, ఇదే ముసుగువాడు అని విడమరిచి చెప్పాడు. మాస్టరుగారు శ్రద్ధగా విని, "మరి ఈ రెండో గ్లాసెవర్రా?" అన్నారు. కొడుకు రెండు గ్లాసులూ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

కోడలికి అంతుబట్టనిది ఇంకొకటి. దుకాణంలో ఆయన బుర్ర పాదరసం. ఎప్పుడో కోటు కుట్టించుకున్నవాడు మళ్లీ గుమ్మం ఎక్కితే, ఎడమ భుజం వాలును బట్టి పోల్చుకుని, నడుం పెరిగిందని మొహం మీదే చెప్పేస్తారు. పొద్దున్నే భార్య పక్కన కూర్చుని, ఆవిడకు పనికొచ్చే సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చిపెడతారు. అదేమిటంటే, ఆవిడ చేతికిస్తే సగం దారం దండగ అని గొణుగుతారు. ఇంత ముందుచూపున్న మనిషికి మూరెడు ముసుగు గుడ్డ ఎలా అడ్డమొచ్చిందో ఆమెకు ఎంత ఆలోచించినా తేలలేదు.

ఈ గోలంతా జరుగుతుంటే అత్తయ్య పక్కనే కూర్చుని అంచులు మడిచి కుట్టుకుంటూ, ఎవరేం చెప్పినా తల ఊపేది.

ఒక శనివారం బడిపిల్లల యూనిఫాంల పని మీదపడి తండ్రీకొడుకులు దుకాణంలోనే ఉండిపోయారు. ఆ రోజే నర్సు ముసుగు తీయబోతోంది. కోడలికి పండగలా అనిపించింది. ఆసుపత్రి డాబా, గాలి, మాటల్లేకుండా ఒట్టి సంగీతం. నర్సు చెయ్యి మెల్లగా లేచింది. కోడలు ఊపిరి బిగబట్టింది.

"అయిపోయిందా అమ్మా?" అంది అత్తయ్య.

"అయిపోవడమేంటి అత్తయ్యా? ముసుగు పట్టుకుంది, చూడండి."

"ఆ, చూస్తున్నాగా," అంది అత్తయ్య, టీవీకి కాస్త పక్కన ఉన్న గోడ వైపు చూస్తూ. దారం ఎక్కించిన సూదులు అయిపోయినట్టున్నాయి. చేతిలో ఒక వట్టి సూది పట్టుకుని, దాని బెజ్జానికి అటూ ఇటూ దారం పొడుస్తోంది.

కోడలు లేచి టీవీ గొంతు తగ్గించింది. కొన్నాళ్ల కిందట ముసుగువాడు ఎగురుతుంటే అత్తయ్య "ఆ కర్టెను భలే ఊగుతోంది" అందనీ, అందరూ పడీపడీ నవ్వారనీ, అందరికంటే తనే ఎక్కువ నవ్విందనీ ఆమెకు గుర్తొచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలు అత్తయ్య తలనొప్పంటూ లోపలి గదిలోంచి రాలేదు. మళ్లీ వచ్చి కూర్చున్న రోజునే మాస్టరుగారికి ఏదీ అర్థం కావడం మానేసింది. కోడలికి సిగ్గుతో మొహం వేడెక్కింది.

"కళ్లు ఎప్పట్నుంచీ ఇలా ఉన్నాయి అత్తయ్యా?"

"శుక్లాలట. ఆపరేషనంటే భయమేసి, ఎవరికీ చెప్పొద్దని మీ మామయ్య దగ్గర ఒట్టేయించుకున్నా."

"ఆయనకు నిజంగానే అర్థం కాదనుకున్నాను."

అత్తయ్య నవ్వింది. "మీ మామయ్య తెలీనిది ఎప్పుడైనా అడగ్గా చూశావా? తెలీకపోతే దర్జాగా తప్పు చెప్తారు గానీ అడగరు. నాకోసమే అడుగుతున్నారని నాకు తెలిసిపోయిందని మాత్రం ఆయనతో అనకు. ఆ జిప్పు గొడవ ఆయనకు భలే సరదా."

వట్టి సూదిని దిండుకు గుచ్చి ఆవిడే అడిగింది. "ఇంతకీ ఆ పిల్ల ముసుగెందుకు తీయడం? గొంతు వింటే తెలీదూ? నేను మొదటి వారమే పోల్చుకున్నా."

కోడలు ఆ రాత్రి పునాదులూ గోడలూ అన్నీ పక్కన పెట్టి, మా అత్తయ్య ఇలా అన్నారని ఆ ఒక్క మాటే రాసింది. కింద ఎవరూ తిట్టుకోలేదు.

మరుసటి శనివారం మాస్టరుగారు మెడలో టేపుతో వచ్చి కూర్చుని, గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే తెర మీదికి కొత్తవాడొకడు వచ్చాడు. చేతిలో పెట్టె, నెత్తిన టోపీ. కోడలు అత్తయ్యకు దగ్గరగా జరిగింది.

"టోపీ పెట్టుకుని, చేతిలో పెట్టెతో ఎవరో వచ్చారు. ఎవరు మామయ్యా? నాకు అర్థం కావట్లేదు."

మాస్టరుగారు తెల్లబోయారు. తెర వైపు చూశారు, కొడుకు వైపు చూశారు, మళ్లీ తెర వైపు చూశారు. ఆయనకు నిజంగానే తెలియదు.

"వాడా?" అన్నారు చివరికి, మహా దర్జాగా. "వాడు ముసుగువాడి టైలరు."

అత్తయ్య కుడుతున్న గుడ్డలో మొహం దాచుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. కాసేపటికి తేరుకుని, కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"సోమవారం నాతో ఆసుపత్రికి రా అమ్మా. ఆపరేషను చేయించుకుంటాను. ఆ జిప్పెక్కడుందో నేను కూడా చూడాలి."