తొమ్మిది మూతలు, ఒకే కొలత తీగ

ఎనభైల మొదట్లో నేను తొమ్మిదో తరగతి. కోరాపుట్ కొండల మీద మా కాలనీ, నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ ఏడు రాయగడలో జరిగే సైన్సు ప్రదర్శనలో మగపిల్లలే యంత్రాలు పెట్టాలని, ఆడపిల్లలు ఎంబ్రాయిడరీ బల్ల దగ్గర నిలబడాలని మా సైన్సు మాస్టారు చెప్పారు. నా ఒళ్లు మండింది. సూదీ వద్దు, దారమూ వద్దు, నేను ఆకాశాన్ని వినే యంత్రం నమూనా చేస్తానని మంకుపట్టు పట్టాను. వారం రోజులు వేపుకు తిన్నాక, "సరే, సేసి సావు" అన్నారు మాస్టారు.

దాని సంగతి ఒక పత్రికలో చదివాను. వేరే లోకాల్లో ఎవరైనా ఉండి రేడియోలో పలికితే, ఆ పలుకు అందుకోవడానికి ఎన్నో పెద్ద గిన్నెల్ని దూరదూరంగా నిలబెట్టి తీగలతో కలుపుతారట. అప్పుడు అన్నీ కలిసి ఒకే చెవి. నేను తొమ్మిది పాలడబ్బా మూతలు పోగేశాను. ఎందుకని ఒక్కమాట అడక్కుండా నాన్న వాటికి బెజ్జాలు వేసి, చెక్కమీద బిగించి ఇచ్చాడు. తీగలన్నీ ఒకే పొడవు కోశాను. అలా ఉంటేనే తొమ్మిదీ విన్నది, మధ్యలో తీగలన్నీ కలిసేచోటికి ఒక్కసారే చేరుతుంది. దగ్గరి మూతల వెనక మిగిలిన తీగను చుట్టలు చుట్టి కట్టాను.

ప్రదర్శన ఆదివారం పడింది. చర్చి కూడా మానుకొని నాన్నా నేనూ రాయగడ వెళ్లాం. చెక్కను బల్ల మీద పెట్టి మంచినీళ్లకి వెళ్లొచ్చేసరికి మాస్టారి చేతిలో కత్తెర ఉంది. చుట్టలన్నీ కత్తిరించి, తీగలు బిగుతుగా లాగి ముడివేసేశారు.

"పెద్దోళ్లు వచ్చే ఏళకి ఈ సెత్త ఏటే? ఇప్పుడు సూడు, ఎంత శుభ్రంగా ఉందో!"

"సెత్త కాదు సార్, కొలత! ఇప్పుడు ఒక మూత ఇన్నది ముందొస్తాది, ఇంకోటి ఇన్నది ఎనకొస్తాది. అంతా గందరగోళమే!"

"అబ్బో! ఇప్పటిదాకా ఇనేసినట్టు! డబ్బా మూతలే అవి!"

మగపిల్లలు పకపకా నవ్వారు.

"మూతలే సార్. అయినా తప్పు తప్పే. మళ్లీ తీగలు ఏస్తాను."

"టైము నేదు. ఎదురు సెప్పినందుకు సారీ సెప్పి నిలబడు. నేదా, బల్ల కాళీ సెయ్."

నాన్న వైపు చూశాను. మాస్టారు కనబడితే చెప్పులు విడిచి నిలబడే మనిషి. సారీ చెప్పేయమంటాడనే అనుకున్నాను. నాన్న వచ్చి తెగిన తీగకొసను వేలితో తడిమాడు.

"మేస్టారూ, కొలత తప్పిన ముక్కని మా కాడ పక్కన పడేస్తారండి. దాని పక్కన నా పిల్ల నిలబడదు."

చెక్క ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

సర్టిఫికెట్టు లేదు, ఫొటో లేదు. బస్టాండులో వెక్కివెక్కి ఏడ్చాను, అంతా కోపమే. ఆ సారీ నేను ఇవాళ్టికీ చెప్పలేదు. చెప్పను.

బస్సు ఘాటీ రోడ్డులో కొండ ఎక్కుతుంటే నాన్న మొదటిసారి అడిగాడు.

"ఇంతకీ పైనుంచి ఎవులైనా పలికేరేటమ్మీ?"

"ఇంకా నేదు నానా."

"పలుకుతారంటావా?"

"తెల్దు. పలికిన్నాడు మాత్రం మనం తప్పుగా ఇనకూడదు."

నాన్న చెక్కను ఒళ్లోకి లాక్కుని, మాస్టారు వేసిన ముడులు ఒక్కొక్కటీ విప్పడం మొదలెట్టాడు.

"రేపు డూటీ దిగేక తీగ తెస్తాను. కొలత నువ్వు సెప్పు."