నీళ్లు పోసిన ట్యూబు

మీరు నవ్వినా సరే, ఇది నిజంగా జరిగింది. ఒట్టు. నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు... మెదక్‌లో ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్లుగా రక్తం తీస్తున్నాను. రక్తాన్ని చూసి భయపడింది మాత్రం ఆ ఒక్క రాత్రే.

ఆ వారం తోటి టెక్నీషియన్ సెలవు. రెండు డ్యూటీలూ నావే. కళ్లు మండుతున్నాయి. నడుము పట్టేసింది. షట్టర్ సగం దించాను... అప్పుడొచ్చాడు నర్సింలన్న. పాపన్నపేట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. ఆఖరి ట్రిప్పు ముగించి, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆయనకు పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది. అలాంటివాళ్ల రక్తంలో సీఈఏ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తాం. అది పెరుగుతూ పోతే జబ్బు తిరగబెట్టిందేమోనని డాక్టర్లకు అనుమానం. మనిషి ఎన్నాళ్లుంటాడో అంచనా వేయడానికి దాన్నీ చూస్తారు.

"గిది పెరిగితే పెరిగిందనే చెప్పుండ్రి సారూ," అన్నాడు. "మందులు బంద్ పెట్టి ఇంటికాడ పడుంట. ఇగ నాతోని ఐతలేదు."

వెనక నిలబడ్డ ఆయన భార్య నాకు చేత్తో సైగ చేసింది... చెప్పొద్దని.

రక్తం తీశాను. వాళ్లు వెళ్లిపోయారు.

రక్తం గడ్డకట్టాక ట్యూబును గిర్రున తిప్పే మెషిన్‌లో పెడతాం. పసుపు రంగు సీరం పైకి తేలుతుంది. ఒక్క ట్యూబే పెడితే మెషిన్ ఊగిపోతుంది. అందుకని ఎదురుగా అంతే బరువుకు నీళ్లు పోసిన ట్యూబు పెడతాం. ఆ రాత్రీ క్యాన్‌లోంచి నీళ్లు పట్టి పెట్టాను. ఈ చేతులతోనే పెట్టాను. కాకపోతే ఒకచోట బద్ధకించాను... మెషిన్‌లో పెట్టేది ఒక్క శాంపిలే కదా, రెండోది నీళ్లే కదా అని, ట్యూబు మీద పేరు రాయలేదు.

మెషిన్ తిరిగింది. గుయ్య్‌మని... కుర్చీలో కళ్లు మూశాను. చప్పుడు మెల్లగా సన్నబడింది... ఇంకా సన్నబడింది... టక్.

మూత ఎత్తాను.

రెండు ట్యూబుల్లోనూ కింద ఎరుపు. పైన పసుపు.

మూత దించాను. కాసేపాగి మళ్లీ ఎత్తాను. అదే. ఒకటి చేతికి చల్లగా తగిలింది. రెండోది... వెచ్చగా ఉంది. అప్పుడే ఒంట్లోంచి తీసినంత వెచ్చగా.

వేరేవాళ్ల శాంపిలేమో అని స్టాండు చూశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏం చేయాలో తోచక రెండింటికీ టెస్టు పెట్టాను. చల్లటిదానిలో సీఈఏ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వెచ్చటిది నార్మల్... శుభ్రంగా నార్మల్.

నర్సింలన్నకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"నిద్ర పోలేదా అన్నా?"

"నిద్ర యాడిది సారూ. ఏమొచ్చింది?"

"శాంపిల్ జర తేడా కొట్టింది. పొద్దుగాల ఇంకోసారి రాండ్రి."

"మల్లా సూదా? రెండు చేతులకు గుచ్చిండ్రు గదా సారూ..."

నేను గుచ్చింది ఎడమ చేతికి. ఒక్కసారే.

తెల్లారి భార్యతో కలిసి వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు మోచేతుల లోపలా చిన్న ఎర్రటి చుక్కలు. నిద్రమత్తులో రెండుసార్లు తీశానా? తీసి మరిచిపోయానా? సరే అనుకుందాం. కానీ ఒక్క మనిషి రక్తం ఒకే రాత్రి రెండు మాటలు ఎలా చెబుతుంది?

మళ్లీ తీశాను. ఈసారి పేరు రాశాను. టెస్టు అయ్యేదాకా ఇద్దరూ బల్ల మీదే కూర్చున్నారు. ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. అడిగాడు కాబట్టి చెప్పేశాను. ఆయన భార్య గోడవైపు తిరిగింది.

"ఐతే మందులు బంద్," అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఒక్కటే ఉంది.

నాకు ఉండబట్టలేదు. రాత్రి జరిగిందంతా చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆయన మాత్రం చివరిదాకా విన్నాడు. తర్వాత కుడి చేతిమీది చుక్కను వేలితో మెల్లగా నిమురుకున్నాడు.

"ఆ రెండోది ఎవరిదో గానీ సారూ... ఆ మనిషైతే బతుకుతడు గదా?"

"బతుకుతడన్నా," అన్నాను.

ఎవరి గురించి అన్నానో నాకే తెలియదు.