వెనక సీటు బెల్టు

మా ఆయన పేరు గంగాప్రసాద్. మాది నిర్మల్ దగ్గర ఊరు. ఇప్పుడు మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఉంటున్నాం. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన సైట్‌లో ఇసుక మోశాడు. తర్వాత పైపుల పని నేర్చుకుని, ఇళ్లకు తిరిగి నల్లాలు, మోటార్లు బాగుచేసే కంపెనీలో చేరాడు. నల్లా కారుతుంటే దాని పక్కన కూర్చుని చాలాసేపు వింటాడు. ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. మనుషులతోనూ అంతే. వినడమే గానీ చెప్పడం ఉండదు.

ఆ కంపెనీ బండి ఇవ్వదు. సొంత కారు ఉన్నవాళ్లకే ఆ పని. అందుకని లైసెన్సు కోసం పడరాని పాట్లు పడ్డాడు. పరీక్ష పెట్టే పోలీసాయన చివరికి ఈయన్ని పేరు పెట్టి పలకరించేవాడు. లైసెన్సు వచ్చాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు.

అప్పటికి మా బిడ్డ నవీన నడక నేర్చుకుంటోంది. కారెక్కితే తప్ప నిద్రపోయేది కాదు. శుక్రవారం అన్నం తిన్నాక వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఖురియాత్ అనే ఊరికి పోయే రోడ్డు మీద తిప్పేవాడు. కొండల మధ్య పెద్ద దిగుడు వచ్చేసరికి నిద్రపోయేది. అక్కడి నుంచి వెనక్కి తిప్పుకుని వచ్చి, భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. బడికి పోయే వయసు వచ్చినా ఆ అలవాటు పోలేదు. "బెల్టు ఏసినవా బిడ్డా?" అని ఆయన అడగాలి, "ఏసిన బాపూ" అని అది అనాలి, అప్పుడే బండి కదిలేది. బెల్టు మెడకు గీసుకుంటోందని ఏడిస్తే, నా పాత చీర, ఆకుపచ్చ పూలది, చింపి దూది పెట్టి ఒక మెత్త కుట్టి బెల్టుకు తొడిగాను.

కిందటేడు నవీనకు జ్వరం వచ్చింది. బౌషర్ ఆస్పత్రిలో నర్సులు తమ బిడ్డలాగే చూసుకున్నారు. దక్కలేదు. ఊరికి తీసుకుపోయి మట్టి చేసి, ఇద్దరమే తిరిగి వచ్చాం.

ఆ తర్వాత ఆయనకు శుక్రవారం కూడా డ్యూటీలు మొదలయ్యాయి. మామూలు రోజుల్లోనూ పొద్దుపోయి వచ్చేవాడు. నేను ఏమీ అడగలేదు. ఇంట్లో నా ముఖం చూడలేక పోతున్నాడేమో అనుకున్నాను. నాకూ నిద్ర లేదు, ఆయనకూ లేదు. ఒకరికొకరం చెప్పుకోలేదు.

మొన్న ఒక శుక్రవారం ఖురియాత్ రోడ్డు మీద మేకలు అడ్డం వచ్చాయట. తప్పించబోతే కారు రోడ్డు పక్క ఇనుప కమ్మీకి కొట్టుకుని బోర్లా పడింది. కారు చూసినవాళ్లు మనిషి బతికాడంటే నమ్మలేదు. భుజం ఎముక విరిగింది, అంతే. ఖురియాత్‌లో మోటారు చెడిపోతే డ్యూటీకి పోయానన్నాడు.

ఇన్సూరెన్సు వాళ్లు కారు చూసి టోటల్ లాస్ అని రాశారు. ఆ మాటకు అర్థం మాకు చెప్పింది లచ్చన్న. మా పక్క ఊరివాడే, కింది వాటాలో ఉంటాడు. మా ఆయన్ని బావా అంటాడు, నన్ను చెల్లె అంటాడు.

"బాగుచేసే ఖర్చు కారు ధర కన్న ఎక్కువైతదట చెల్లె. అందుకే దానికి దినాలు చేసి మనకు పైసలిస్తరు" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. మా ఇంట్లో అట్లాంటి మాట అనకూడదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ డబ్బు సరిగా వస్తేనే ఇంకో కారు. కారు లేకపోతే పని లేదు. పని లేకపోతే వీసా లేదు, ఇక్కడ మా కాపురం లేదు. కంపెనీ వాళ్లు భుజం మానేదాకా చూస్తామన్నారు గానీ, ఆ తర్వాత కారుతో రమ్మన్నారు.

"బావా, వాళ్లు మొదలు చెప్పే ధరకు తల ఊపకు" అని లచ్చన్న మరీ మరీ చెప్పాడు. "నీకు ఎవరేం చెప్పినా తల ఊపుడు అలవాటు. మొన్న బార్బర్ షాపుల గూడ ఊపినవు, సగం మీసం పోయింది."

ముగ్గురం ఆఫీసుకు పోయాం. ఆయన చెయ్యి కట్టులో ఉంది కాబట్టి కాగితాల కవరు పట్టుకోవడానికి నేను. అక్కడ సానియా అని నిజామాబాద్ అమ్మాయి ఉంది. ధర తేల్చే పెద్ద సారు ఒమానీ ఆయన, హిందీ మాట్లాడతాడు. మాకు తెలియని మాట వస్తే సానియా తెలుగులో చెప్పేది.

సారు ఎనిమిది వందల రియాల్లు అన్నాడు. మా ఆయన తల అప్పుడే కదలబోయింది. లచ్చన్న మోచేత్తో పొడిచి, తన ఫోను తీసి, అదే సంవత్సరం కార్లు అమ్మకానికి పెట్టినవి ఒక్కొక్కటే చూపించాడు. పదిహేను వందలకు తక్కువ ఒక్కటీ లేదు.

సారు ఓపికగా అన్నీ చూశాడు. తర్వాత తన కంప్యూటర్ మా వైపు తిప్పి ఏదో అన్నాడు.

"అక్కా, ఆ కార్లు ఇంత తిరగలేదంటున్నడు" అంది సానియా. "ఇది రెండింతలు తిరిగిందట. పోయినేడు నుంచే మస్తు తిరిగింది. కంపెనీల అడిగిన్రు. శుక్రవారం డ్యూటీలే లేవన్నరు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు. డ్యూటీలు లేవా? మరి ఎక్కడికి పోయాడు?

"ఇంకోటి. బండి బోర్లా పడ్డప్పుడు వెనక సీటు బెల్టు పెట్టి ఉంది. ఎవరో కూసున్నరు, దెబ్బలు తగిలితే బెల్టు కిందికెల్లి గుంజి పోలీసులు రాకముందే తీస్కపోయిన్రు. కిరాయికి తిప్పుతున్నరని సార్ అనుమానం. కిరాయి అయితే ఇన్సూరెన్సు చెల్లదు. ఒక్క రియాల్ గూడ రాదు."

"కిరాయి లేదు గిరాయి లేదు సార్!" లచ్చన్న లేచాడు. "వెనక నేనే కూసున్న. మా బావ నన్ను కిరాయి అడుగుతడా?"

సారు లచ్చన్నను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత ఒక ఫొటో పెద్దది చేసి చూపించాడు. వెనక కుడివైపు కారు పైకప్పు సీటుదాకా కుంగిపోయి ఉంది. "ఇక్కడ కూర్చున్నవాడు నీలాగా నడిచి రాలేడు" అన్నాడు. లచ్చన్న మెల్లగా కూర్చున్నాడు.

నేను ఆ ఫొటో చూశాను. కుంగిన రేకు కింద, గట్టిగా బిగిసిన బెల్టు. దానికి ఆకుపచ్చ పూల మెత్త.

ఒక్క క్షణం బిడ్డ ఆ రేకు కింద ఉందనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. కవరు కిందపడి కాగితాలు చెదిరాయి. ఆయన వైపు తిరిగాను.

"బిడ్డకు బెల్టు ఎవరేసిన్రు?"

"నేనే" అన్నాడు ఆయన.

"ఎప్పుడు?"

"రోజూ ఏస్త." తల ఎత్తలేదు. "డ్యూటీ అయినంక గా దిగుడు దాక పోయి మళ్లొస్త. ఆడికి పోయేసరికి పండుకుంటుండె గద."

"డ్యూటీ అని చెప్తివి."

"మరి ఏమని చెప్పాలె సునీతా?"

సానియా అర్థం కాక చూస్తే, బిడ్డ పోయిన సంగతి లచ్చన్న చెప్పాడు. ఆమె అంతా సారుకు చెప్పింది. ఉత్త మాట మీద రాసుకోలేను, బిడ్డది ఫొటో ఏమైనా ఉందా అని సారు మెత్తగా అడిగాడు.

బిడ్డ పోయాక నేను ఫోనులో ఫొటోల జోలికి పోలేదు. ఆ రోజు అక్కడ అందరి ముందు తెరిచాను. వెనక సీట్లో నవీన, మెడ దగ్గర ఆకుపచ్చ మెత్త, నాలుక బయట పెట్టి వాళ్ల బాపును వెక్కిరిస్తోంది. సారు నా ఫోను తన కంప్యూటర్ పక్కన పెట్టి రెండూ చూశాడు.

"అల్లాహ్ యర్హమ్‌హా" అన్నాడు. దేవుణ్ని వేడుకున్నట్టు రెండు అరచేతులూ పైకెత్తాడు. ఆ మాటకు అర్థం సానియా చెప్పలేదు, మేమూ అడగలేదు.

కిరాయి మాట కొట్టేశాడు. కానీ కిలోమీటర్లు కిలోమీటర్లే కదా, వెయ్యి ఇస్తానన్నాడు. లచ్చన్న అబద్ధం ఆడి దొరికిపోయినవాడు, నోరు మెదపలేదు. మా ఆయన తల ఊపబోయాడు.

"ఊపకు" అన్నాను, మంచి భుజం మీద చెయ్యి వేసి.

ఆయన ఆగిపోయాడు. నేను కింద పడ్డ కాగితాలు ఏరుకున్నాను. "సానియా, సారుకు జర చెప్పు బిడ్డా. కారు మస్తు తిరిగింది, కాదంటలే. తిరిగిందనే గేర్‌బాక్సు మార్పించినం. నాలుగు టైర్లు కొత్తయి ఏసినం. ఇగో రసీదులు. తిరిగినదానికి తగ్గిస్తే మార్చినదానికి కలపాలె గద?"

సారు రసీదులు ఒక్కొక్కటీ చూసి, ఎవరికో ఫోన్ చేసి అరబీలో మాట్లాడాడు. పదమూడు వందలు అన్నాడు. నేను లచ్చన్న వైపు చూశాను. అతను కళ్లతో సరే అన్నాడు. అప్పుడు మా ఆయన్ని తల ఊపనిచ్చాను.

రెండు తాళాలూ ఇచ్చేశాం. కారులో మీ సామాను ఏమైనా ఉంటే తీసుకోవచ్చని సానియా అంది. పానాలు, పైపు కట్టర్ అని ఆయన చెప్పాడు. మెత్త మాట ఇద్దరం అనలేదు.

భుజం మానాక ఇంకో పాత కారు వచ్చింది. బూడిద రంగుది. మొదటి శుక్రవారం అన్నం తిని ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు.

"ఖురియాత్ దిక్కు పోయొస్త" అన్నాడు.

"ఆగు, నేనొస్త."

ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక బెల్టు ఊరికే వేలాడుతోంది. దాన్ని అట్లాగే ఉండనిచ్చాడు. తాళం తిప్పాక కూడా బండి కదలలేదు.

"బెల్టు ఏసినవా?" అన్నాడు నన్ను.

"ఏసిన."

కొండలు మొదలయ్యేంతవరకు గుర్తుంది. దిగుడు రాకముందే నాకు నిద్ర పట్టేసింది.