మేస్త్రి మూసే కన్ను

చెక్క వంకర పోయిందో లేదో తెలుసుకోవాలంటే మేస్త్రి దాన్ని భుజానికెత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంబడి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇట్టే పట్టేసేవాడు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ అదే అలవాటు. అందుకే ఆ వడ్రంగి వర్క్‌షాపులో అందరూ “గీత మేస్త్రి” అనేవారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆయనగారి మీసం దానంతటదే పైకి లేచేది. ఎవరైనా కళ్ల పరీక్ష మాటెత్తితే, “నా కళ్లకి రోజూ నేనే పరీక్ష పెడుతున్నాగా!” అని కొట్టిపారేసేవాడు. పరీక్ష పెడుతున్నది ఒక్క కంటికేనని ఆ మహానుభావుడికి ఏనాడూ తట్టలేదు.

ఎండాకాలంలో ఒకరోజు కుడి కంట్లో రంపపు పొట్టు పడింది. ఆ కన్ను అరచేత్తో మూసుకుని కుళాయి వైపు తిరిగాడు. కుళాయి లేదు. గోడా లేదు. అంతా మసక, నడుమ అరచేయంత నేల మాత్రం కనిపించింది. ఎవరికీ చెప్పకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాడు.

“నీటికాసులండీ,” అంది డాక్టరమ్మ. “కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. నొప్పుండదు. అంచుల నుంచి మెల్లగా చూపు పోతుంది. ఒక కన్ను పోతుంటే రెండోది సర్దేస్తుంది, అందుకే తెలీదు. పోయింది తిరిగి రాదు. కుడి కంట్లోనూ మొదలైంది. చుక్కలు మానకుండా వేసుకుంటూ, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే మిగిలింది నిలబెట్టుకోవచ్చు. మీకు అన్నదమ్ములున్నారా? ఉంటే వెంటనే తీసుకురండి. రక్తసంబంధం ఉన్నవాళ్లకి వచ్చే అవకాశం ఎక్కువ.”

ఉన్నాడు ఒక తమ్ముడు, అదే వర్క్‌షాపులో. వాణ్ని తీసుకెళ్లాలంటే సంగతి చెప్పాలి. చెబితే ఊరంతా పొక్కుతుంది. ఒంటికన్ను గీత మేస్త్రి అంటే నవ్వని వాడెవడు? అలాగని పక్క కనిపించని కంటితో రంపం మెషిన్ ముందు నిలబడే ధైర్యమూ లేదు. ఆలోచించి ఆలోచించి ఒక అబద్ధం కనిపెట్టాడు.

“భుజం పట్టేసిందండీ. ఇంక మెషిన్ నా వల్ల కాదు,” అన్నాడు ఓనరుతో.

“దానికేముంది మేస్త్రీ, మీ తమ్ముడున్నాడుగా!” అన్నాడు ఓనరు హుషారుగా.

తమ్ముడి మొహం వెలిగిపోయింది. మేస్త్రికి మాత్రం అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. పక్క బల్ల దగ్గర చిత్రిక పడుతూ, మెషిన్ మోగినప్పుడల్లా తన వేళ్లు ముడుచుకునేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు వచ్చాక ఎల్లుండి అనుకునేవాడు. ఇంట్లో అన్నం సహించేది కాదు. భార్య అడిగితే భుజం అనేవాడు. పాపం, ఆవిడ ఆ భుజానికే కాపడం పెట్టేది. ఎండలు పోయి వానలు పట్టుకున్నాయి.

ఒకరోజు తమ్ముడు ఎడమ పక్కనున్న చెక్కల దొంతరను తన్నుకుని, బ్లేడు వైపు తూలి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. పైగా నవ్వాడు. కాలు అలా ఎవరికైనా తగలొచ్చు. కానీ మేస్త్రి పరుగున వెళ్లి మెషిన్ ఆపేశాడు.

“తప్పుకోరా! పద, కళ్లు చూపించుకుందాం.”

“నా కళ్లకేమైంది అన్నా? సూదిలో దారం ఎక్కిస్తా, చూస్తావా?”

“నేనూ ఎక్కిస్తాను రా. ఎడమ కన్ను పోయింది నాకు.”

అందరూ పని ఆపి చూస్తున్నారు. అన్ని రోజులూ దేనికి భయపడ్డాడో అదంతా ఒక్క క్షణంలో అయిపోయింది. అయినా తేలికగా అనిపించలేదు. తమ్ముడి కళ్లలో ఏం బయటపడుతుందోనన్న భయం అలాగే ఉంది.

ఆసుపత్రిలో తమ్ముడి కళ్లలో ఒత్తిడి కొలిచారు, నరం చూశారు, పక్క చూపు పరీక్ష చేశారు.

“ఎడమ కంట్లో ఒక మూల కొంచెం పోయింది,” అంది డాక్టరమ్మ. “మిగతాదంతా బాగుంది. చుక్కలు మొదలెడదాం. నేను చెప్పినట్టే మీ అన్నయ్య మిమ్మల్ని తీసుకొచ్చారు. ఆయనలా ఆలస్యం చెయ్యలేదు, నయం.”

మేస్త్రి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. తమ్ముడు చుక్కల సీసాను అటూ ఇటూ తిప్పాడు.

“నన్ను తీసుకురమ్మని ఆవిడ నీకెప్పుడు చెప్పింది అన్నా?”

“ఎండాకాలంలో.”

“అప్పుడే వచ్చుంటే ఆ మూల కూడా పోయేది కాదేమో కదా?”

అబద్ధం చెప్పే ఓపిక మేస్త్రికి ఇక లేదు.

“పోయేది కాదేమో రా,” అన్నాడు.