మా ఆయన మెడలో పుస్తెలు

ఆ రోజుల్లో తల మీదుగా విమానం పోతే, అందులో నా చేతి పని ఉందేమోనని కనుమరుగయ్యేదాకా చూసేదాన్ని. నవ్వుకోండి, ఫరవాలేదు. చంద్రపూర్ శివార్లలో ఒక షెడ్డులో విమానాల్లో బిగించే చిన్న రేకు ముక్కల అంచులు నున్నగా అరగదీయడం మా ఆడవాళ్ల పని. మా ఆయన బొగ్గుబాయిలో నేల కింద, నా పని ఆకాశంలో (నేల మీద మిగిలింది మా అత్త ఒక్కతే, ఇద్దరినీ తిట్టడానికి). పూసో, గాజు పెంకో రాలి ముక్కల్లో కలిస్తే విమానానికే ప్రమాదమట. అందుకని పొద్దున్నే గేటు దగ్గర గాజుల మీద, పుస్తెల మీద గుడ్డ చుట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లం. అంతలో తక్కువ టైంలో ఎక్కువ పని చేయించడానికి ఒకాయన దిగాడు. చేతిలో ఎప్పుడూ గడియారమే, మేం గడియారం సాబ్ అనేవాళ్లం. ఆడవాళ్లందరినీ బాయీ అనే పిలిచేవాడు. మా చుట్టుడంతా చూసి మండిపడ్డాడు.

"బాయీ, దీనికే ఎంత టైం బర్బాద్ అయితుంది! రేపటి సంది మెడ, చేతులు ఖాళీగ ఉండాలె. లేకుంటే వాపస్."

ఇంట్లో చెప్పగానే అత్త లేచింది. "ఏందే? మొగడు బాయిల దిగుతుండంగ బోసిమెడతోని పోతవా?"

"పని పోతది అత్తా."

"పోనియ్. పని మల్ల దొరుకుతది. నా కొడుకు దొరుకుతడా?"

ఆయన బాయిలో దిగిన ప్రతిసారీ నాకూ భయమే. కానీ ఆ పని పోతే ఇల్లు గడవదు. చివరికి అత్తే పుస్తెలకు బదులు పసుపు తాడు ఒకటి నా నడుముకు కట్టి, ఎవరికీ కనబడదు పొమ్మంది. చెమటకు పసుపు కారింది, వేళ్లకు అంటింది, నేను ముట్టిన రేకులన్నీ పచ్చబడ్డాయి.

"ఇది విమానమా, పెండ్లిపిల్లనా?" అని అరిచాడు గడియారం సాబ్. ఇంకోసారైతే ఇంటికే అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన బొగ్గు కడుక్కుని వచ్చి అడిగాడు. "అవ్వా, గా పుస్తెలు నా పానం కోసమే కదా?"

"మరెవని కోసంరా?"

"అయితే బాయిల నాకాడనే ఉండనియ్."

నా పుస్తెలు తీసి తన మెడలో వేసుకున్నాడు. బాయిలో దోస్తులు "ఏం వదినా, అన్న మంచిగున్నడా?" అని ఏడిపిస్తే, ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వేవాడు. పొద్దున నేను ఆయనకు కట్టడం, సాయంత్రం ఆయన నాకు కట్టడం. రోజూ పెళ్లే.

పని నిలబడింది, కొన్నాళ్లే. తర్వాత అంచులు తీసే మిషన్ తెచ్చారు. దానికి మెడే లేదు, గొడవే లేదు. మమ్మల్నందర్నీ పంపేశారు. మా ఆయన్ను బాయి ఏమీ చేయలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక మామూలు జ్వరం తీసుకుపోయింది.

ఇప్పుడు పొద్దున్నే లేస్తే విప్పేది లేదు, కట్టేది లేదు. గడియారం సాబ్ చూస్తే శభాష్ బాయీ అనేవాడు. ఇంత టైం మిగిల్చాను, దీన్నేం చేసుకోవాలో ఆ సాబూ చెప్పలేదు, మా ఆయనా చెప్పిపోలేదు.