కొబ్బరినూనె దగ్గర నోరు జారాను

2003లో స్టవ్ పేలి మా మనవరాలు పద్మ మెడ, చేతులు కాలాయి. పుండ్లు మానినా ఎవరి ఎదుటా చున్నీ తీసేది కాదు. జగ్గయ్యపేట నుంచి దాన్ని నందిగామ తీసుకెళ్లాను. అక్కడ కాలిన గాయాలవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు నెలకోసారి కలిసి, ఒకరి మచ్చలకు ఒకరు కొబ్బరినూనె మర్దనా చేసుకుంటారు.

మస్తాన్‌బీ అనే ఆవిడ పక్కామె చేతి మీద సీసా వంచేసింది. నూనె నేలపాలవుతుంటే నేను ఉండబట్టలేక, “ఓయమ్మో, వంకాయ వేపుడుక్కూడా అంత పొయ్యను!” అనేశాను.

అందరూ నావైపే చూశారు. సిగ్గుతో తల దించుకున్నాను.

ఇంతలో పద్మ పకపకా నవ్వి, చున్నీ తీసి నా ఒళ్లో పడేసి చేతులు చాచింది.

“అక్కా, నాకూ అట్టాగే పొయ్యి. మా నాయనమ్మయితే చుక్కలు లెక్కేసుద్ది!”

గదంతా ఒకటే నవ్వు. నా పొదుపును తిట్టుకున్నవాళ్లనే చూశాను గానీ, దానివల్ల ఒక మనిషి తేరుకోవడం ఆ రోజే చూశాను.